నడిమి చెయ్యి

మేక వీపు మీద అరచెయ్యి ఆనించి ఓబులమ్మ ఊపిరి బిగబట్టింది. అరచేతి తోలు కింద, పేరు పెట్టిన నాడు కుట్టిన గింజ, చీమ కరిచినంత సన్నగా ఒకసారి అదిరి ఊరుకుంది. పట్టు, నేల అడుగున ఉన్న మూలమ్మకు అందింది.

"ఊఁ, ఇప్పుడు తియ్యి తాతా," అంది.

మేకను ఇస్తున్న ముసలాయన చెయ్యి తీయబోయి, మళ్ళీ ఆనించి, దాని చెవిలో ఏదో గొణిగాడు.

"చెవిలో చెప్తే దానికి అర్థమైతాదా తాతా?" అంది పుచ్చుకోడానికి వచ్చిన కోడలుపిల్ల.

"నీకు చెప్తే మాత్రం అర్థమైతాదా? పిండేటప్పుడు పాట పాడాలని చెప్పినా. నీ గొంతు ఇంటే పాలు చెంబులోనే ఇరిగిపోతాయి."

"ఇరిగితే బెల్లమేసి వండుకుంటాం లే. నీకూ ఒక గిన్నె పంపిస్తా."

ముసలాయన నవ్వలేదు. "విడిచినా," అని చెయ్యి తీసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. కోడలుపిల్ల చెయ్యి పెట్టింది. గింజ అదిరినట్టుంది, ఆమె కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. అప్పుడు గానీ ఓబులమ్మ తన చెయ్యి ఎత్తలేదు. ఎత్తి, "విడిచినా" అని, పలుపు ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇచ్చిన చేతికీ పుచ్చుకున్న చేతికీ నడుమ మేక ఒక్క రెప్పపాటు కూడా ఎవరి పట్టూ లేక వట్టిపోలేదు. నడిమి చెయ్యి పని అంటే అంతే. జరిగినంతకాలం అది పనిలా కనబడదు. ఇంట్లో దూలాన్ని ఎవరు చూస్తారు గనక.

గుహవీధి మలుపులో ఒక ఇల్లాలు నీళ్ళకుండ ముందు గొంతుక్కూర్చుని ఉంది. కుండ మీద అరచెయ్యి పెడుతోంది, తీస్తోంది, మళ్ళీ పెడుతోంది. కుండ మూతి దగ్గర ఎరుపు పోయి బూడిదరంగు దిగుతోంది.

"విడిచినా అన్నావా?" అడిగింది ఓబులమ్మ.

"మా ఆయనతో కొట్లాడతా, నీ కుండా వద్దు నువ్వూ వద్దు, విడిచినా పో, అన్నానక్కా. మాటకు అన్నా. మళ్ళీ ఎంటనే చెయ్యి పెట్టినా, అదరలే."

"అదరదు."

"నీళ్ళు ఇంకా ఉండాయి గదక్కా దాంట్లో."

ఉన్నాయి. ముంచుకుని తాగితే చల్లగానే ఉంటాయి. కానీ ఒకసారి వట్టిపోయినదాని మీద వంద చేతులు వేసినా మూలమ్మకు అందదు. అది ఇక కుండ కాదు, మూలమ్మ వెనక్కి తీసుకునే ఊడ్పు కోసం కాచుకుని ఉన్న మట్టి. ఓబులమ్మ ఆ ఇల్లాలి భుజం తట్టి, "ఆయన మీద గూడా విడిచినా అన్నావే. ఆయన మీద ఇంకెవరి పట్టన్నా ఉందా?" అంది.

"మా అత్తది ఉంది."

"అయితే బతికినాడు. పోయి సంగటి పెట్టు."

పాతరలో బతుకు ఇలాంటిది. పైన ఎండ మనుషులను కాల్చుకు తింటున్న రోజుల్లో, సున్నపురాతి గుహల్లో ధాన్యాన్ని దాచినట్టు మనుషులను దాచి, వాళ్ళను చూసుకోమని మూలమ్మను అడుగున కూర్చోబెట్టారు. కుండ, మంచం, మేక, గది, గదిలో గాలి, అన్నీ ఆమె ఇచ్చినవే. దాచుకోడానికి ఆమె దగ్గర ఉన్నదీ అంతే, కొత్తగా వచ్చేది లేదు. ఎవరికీ అక్కర్లేనిదాన్ని తీసుకుని అక్కరున్న వాళ్ళకు ఇవ్వాలి. ఎవరికి అక్కరుందో ఆమెకు తెలిసేది చేతుల వల్లనే. కుండకు లాగే మనిషికి. కన్నవాళ్ళ పట్టో, కట్టుకున్నవాళ్ళ పట్టో ఉండాలి. స్నేహితులకూ ఇరుగుపొరుగుకూ కడచూపు హక్కే గానీ పట్టు లేదు. మొగుడూ అత్తా, పద్ధతి ప్రకారం పట్లు విడిచి కన్నుమూశాక, ఓబులమ్మ మీద మిగిలింది ఒకే ఒక్క పట్టు, పాతర గాలి లెక్క చూసే గాలిగది తన పనివాళ్ళందరి మీద ఉంచేది. ఆమె దాని గురించి ఎక్కువ ఆలోచించేది కాదు. చెప్పుల గురించి ఆలోచిస్తామా, కాళ్ళకు ఉన్నంతసేపు.

గాలిగది పెద్ద సంజీవరాయుడు వాకిట్లోనే ఎదురయ్యాడు. ఓబులమ్మ కంటే చిన్నవాడు. గాలి పలచబడినప్పటి నుంచి అతని పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లగా ఉంటున్నాయి.

"ఓబులక్కా, ఈ పొద్దు నుంచి నడిమి చెయ్యి లేదు."

"లేదంటే?"

"ఇచ్చేవాళ్ళు ఇస్తారు, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. నువ్వు నిలబడి చూడు. చెయ్యి మాత్రం పెట్టొద్దు."

ఎందుకో ఆమెకు తెలుసు. కింది వరసలో నడిమి చెయ్యిగా చేసిన పుల్లన్న, నీళ్ళగదుల మీద పట్లు పెట్టి, తీయకుండానే జ్వరమొచ్చి కన్నుమూశాడు. పోయినవాడిని లేపి విడిచినా అనమని ఎవరు అడగగలరు? ఆ గదులు ఎవరివీ కావు, వట్టిపోనూ లేవు. కడుపు నిండా గాలి పెట్టుకుని మూసుకుని కూర్చున్నాయి. పైవరసలో పిల్లలు నాలుగు మెట్లెక్కితే వగరుస్తున్నారు.

"పుల్లన్న మరిచిపోయినాడని అందరి చేతులూ కట్టేస్తే ఎట్ల రాయుడూ? ఈ పొద్దు అప్పగింతలుండాయి. మేకవి కాదు, మనిషివి."

"ముందు పట్టు, తర్వాత విడుపు. పాలు తాగే పిల్లోనికి గూడా తెలుసు ఆ మాట."

"తెలియక ఎవరూ తప్పు చెయ్యరు. తెలిసి తప్పేది పెండ్లిండ్లలోనే."

సంజీవరాయుడు కణతలు నొక్కుకున్నాడు. "మా అమ్మ పడుకోలేక కూర్చునే నిద్రపోతాంది అక్కా. ఇంకొక్క పట్టు గూడా ఇరుక్కోగూడదు. నా మాట ఇను."

ఆమె విన్నది. వినడమే అలవాటు మరి.

పెళ్ళివారి గదిలో పసుపు, పాలు, జనం ఊపిరి కలిసి ఉక్కగా ఉంది. నాగవేణి పీట మీద కూర్చుని ఉంది. సన్నటి పిల్ల, మెడలో తాళి ఇంకా తడిగా మెరుస్తోంది. ఆమె భుజం మీద తల్లి తిరుపాలమ్మ చెయ్యి, తల మీద తండ్రిది, మోచేతి మీద అన్నది. ఎదురుగా పాలపళ్ళెం అవతల అత్తగారు రంగనాయకమ్మ, ఆమె వెనక పెళ్ళికొడుకు మద్దిలేటి, వాళ్ళ చుట్టాలు. అప్పగింతల పద్ధతి అందరికీ తెలిసిందే. పుట్టింటివాళ్ళు పిల్ల చేతులు పాలలో ముంచి, తమ పట్లు తీసి, వెనక్కి చూడకుండా గడప దాటి వెళ్ళిపోవాలి. వెనక్కి చూస్తే పిల్ల కాలు కొత్తింట్లో నిలవదంటారు.

ఓబులమ్మ ముందుకు వచ్చింది. "రంగనాయకమ్మా, ముందు నువ్వు చెయ్యి పెట్టాల. నీ గింజ అదిరినాక వాళ్ళు తీస్తారు."

రంగనాయకమ్మ నింపాదిగా ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "ఇయ్యకముందే చెయ్యి పెట్టేదానికి మేమేమన్నా గుంజుకుపోను వచ్చినామా? వాళ్ళు ఇచ్చినాము అనాల, మేము పుచ్చుకున్నాము అనాల. ముగ్గురు కోడండ్లను తెచ్చుకున్నా. ఒక్కతూరన్నా నేను ముందు చెయ్యి చాపినానా, అడుగు."

"అప్పుడు నడుమ నా చెయ్యి ఉన్నింది తల్లీ."

"ఉంటే ఇప్పుడూ పెట్టు."

"పెట్టగూడదని గాలిగది మాట."

"పెట్టగూడనప్పుడు మాట్లాడేది గూడా ఎందుకు?"

గది నవ్వింది. నాగవేణి కూడా తలవంచుకుని కొంచెం నవ్వింది. ఓబులమ్మ పెళ్ళికూతురి తండ్రి వైపు చూసింది, నువ్వన్నా చెప్పు అన్నట్టు. ఆయన చూపు తప్పించాడు. ఆడపిల్లవాళ్ళు వియ్యపురాలికి పద్ధతి చెప్పడమా? పదిమందిలో ఆ మాట పుట్టదు.

పిల్ల చేతులు పాలలో ముంచారు. తిరుపాలమ్మ వెక్కుతూనే "ఇడిసినా తల్లీ" అంది. తండ్రి అన్నాడు. అన్న అన్నాడు. ముగ్గురూ తిరిగి గడప దాటారు.

"ఇచ్చినారా?" అంది రంగనాయకమ్మ, పాలు తగిలిన తన చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఇచ్చినాము వదినె," అని బయటనుంచే జవాబు.

"ముగ్గురూ?"

ఆ రెండు మాటల నడుమ ఓబులమ్మ చెయ్యి తనంతట తానే లేచింది. లేచి, గాలిగది మాట గుర్తొచ్చి, గాలిలోనే ఆగింది. ఎంతసేపని. ఆవలింతంత కూడా కాదు.

గడప మీది పసుపు వెలుగు గీత తెల్లబడింది.

రంగనాయకమ్మ చెయ్యి కోడలి తల మీద దిగింది. ఉంది. అలాగే ఉంది. ఆమె మొహంలో గర్వం కరిగిపోయి, ఏదో వెతుక్కునే మనిషి మొహంలా అయింది.

"అదరలే," అంది, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

మద్దిలేటి తన చెయ్యి పెట్టాడు. మేనమామ పెట్టాడు. ఆ పిల్ల తల మీద, భుజాల మీద, చేతుల మీద ఇంటెడు చేతులు పడ్డాయి. ఒక్క గింజా అదరలేదు. నాగవేణి వాళ్ళందరి కింద బిక్కుబిక్కుమంటూ కూర్చుంది, జాతరలో తప్పిపోయిన పిల్లలాగా. బయట తిరుపాలమ్మ వెనక్కి చూసింది. తెల్లగీత ఆమెకు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె వచ్చి గడప మీద పడింది. గాలి గోడలా అడ్డు నిలిచి ఆమెను లోపలికి రానివ్వలేదు.

"చూసేవాళ్ళు చూసి రండి," అంది మూలమ్మ. గోడల్లోంచి, నేలలోంచి వచ్చే గొంతు అది. కోపం లేదు, జాలి లేదు. రోజూ నీళ్ళ వేళ చెప్పే గొంతే.

వట్టిపోయిన మనిషి పక్కన ఆ క్షణాన ఉన్నవాళ్ళకు కడచూపు హక్కు ఉంది. వాళ్ళు చూసుకుని, "చూసినా" అని, ఒక్కొక్కరే బయటికి వచ్చేదాకా మూలమ్మ ఆగుతుంది. కొత్తగా లోపలికి పోవడానికి కన్నతల్లికైనా దారి లేదు. బయటికి వచ్చినవాళ్ళు తిరిగి లోపలికి పోలేరు. లోపల కునుకు తీసినా చూపు దిగినట్టే. ఆఖరి చూపు దిగాక తలుపు పడుతుంది, ఆ గది గాలిని మూలమ్మ వెనక్కి పీల్చుకుంటుంది. పాతరంతటికీ ఒకటే ఊడ్పు కాబట్టి, ఎక్కడో ఒక గదిలో ఒక చూపు దిగకపోతే బూడిదరంగు కుండలు, పాడుబడ్డ గదులు, వాటిలోని గాలి, అన్నీ వరసలో ఆగిపోవాలి. అందుకే కడచూపు దగ్గర తాత్సారం చేసేవాళ్ళను గాలిమింగేవాళ్ళని తిడతారు. కన్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుని లేచిపోవడమే మర్యాద.

పెళ్ళివారు లేచారు. ముందు దూరపు చుట్టాలు, తర్వాత దగ్గరివాళ్ళు. చూసినా, చూసినా, చూసినా. భోజనాల పంక్తి లేచినట్టు లేచిపోయారు. మద్దిలేటి మాత్రం పీట ముందు కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడింది అంతకుముందు ఒక్కసారే, అదీ పెద్దవాళ్ళ నడుమ.

"నిన్నొకటి అడగాలనుకున్నా," అన్నాడు. "నీకు పులుపు ఇష్టమా, కారమా?"

నాగవేణి ఆలోచించింది. "రెండూ."

"నాకూ," అన్నాడు. లేచి, "చూసినా" అని గబగబా గడప దాటాడు.

లోపల ముగ్గురే మిగిలారు. పీట మీద పిల్ల, గోడకు ఆనుకుని రంగనాయకమ్మ, తలుపు దగ్గర ఓబులమ్మ.

"పెద్దమ్మా," అంది నాగవేణి ఓబులమ్మతో, "నొప్పి పుడతాదా?"

ఓబులమ్మ ఎన్ని కడచూపులు చూడలేదు గనక. ముసలివాళ్ళవి, రోగులవి, ఒంటరివాళ్ళవి. అందరూ ఇదే అడిగేవారు. ఏమీ ఉండదు తల్లీ, నిద్ర పట్టినట్టుంటుంది, అని చెప్పి, నుదుటి మీద వెంట్రుకలు సరిచేసి, బయటికి వచ్చేది. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగొచ్చి అది అబద్ధమని చెప్పలేదు. ఆ మాట ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆగిపోయిన తన చెయ్యి ఇంకా గాలిలోనే ఉన్నట్టు, భుజం నుంచి వేలి కొసల దాకా తిమ్మిరెక్కి ఉంది.

ఆమె నేల మీద కూలబడి కాళ్ళు చాపుకుంది.

"ఏమో నాకు తెలీదు. ఆ పళ్ళెంలో పాలున్నాయి చూడు, తాగు. పొద్దున్నుంచి ఉపాసముండావు."

"చూపు ముగిసిందా?" అంది మూలమ్మ.

"లేదు."

గోడల్లో చిన్న విరామం. మూలమ్మ ఎన్నడూ రెండోసారి అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరూ తేలేదు.

"చూపు ముగిసిందా?"

"ఇంకా చూస్తాండా."

రంగనాయకమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడింది. "ఏం చేస్తాండావే నువ్వు?"

"కనబడలా? చూస్తాండా."

"ఎంతసేపు చూస్తావు?"

"నిద్ర రానంతసేపు. నువ్వు పోతే పో, నీ కొడుకు నిలబడుకోనుండాడు."

రంగనాయకమ్మ గడప వైపు నడిచింది. ఒక కాలు ఎత్తింది. గడప అవతల తిరుపాలమ్మ నేల మీద పడి, కళ్ళెత్తి, తిట్టను కూడా తిట్టకుండా ఆమెను చూస్తోంది. ఆ కాలు ఎంతసేపు అలా ఉందో, చివరికి లోపలి పక్కనే దిగింది. ఆమె తిరిగొచ్చి, గోడ పక్కన కాక, పీట పక్కన కూర్చుంది.

ఊడ్పు ఆగింది. మొదట ఎవరూ గమనించలేదు. తర్వాత వీధుల్లో బూడిదరంగు కుండలు బూడిదరంగులోనే మిగిలిపోయాయి. పగిలిన మంచాలు, మాసిన చాపలు నేలలోకి దిగకుండా దారికి అడ్డం పడ్డాయి. వాటితోపాటు తిరిగి రావలసిన గాలీ రాలేదు. పైవరసలో దీపాలు కుంచించుకుపోయాయి. పిల్లలను కింది మెట్ల దగ్గరికి దించారు. ఎక్కడ చూసినా నోరు తెరిచి పీల్చే చప్పుడే, కమ్మరి తిత్తుల మాదిరి.

సంజీవరాయుడు గడప దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగర్చాడు.

"లెయ్ అక్కా."

"పాలు తాగుతాంది రాయుడూ, తాగనీ."

"నవ్వులాటగా ఉండాదా నీకు? ఒక పిల్ల కోసరం ఊరంతా ఊపిరాడక చావాల్నా?"

"ఆ మాట నేను ఎంతమందికి చెప్పలే? ఒక ముసలాయన కోసరం ఊరంతానా, ఒక కుంటిదాని కోసరం ఊరంతానా. అట్ల ఒక్కొక్కరే అయిపోయినారు. నా చేతులతో తలుపులేసి వచ్చినా."

అతను నుదురు తుడుచుకున్నాడు. మెల్లగా, అనకూడని మాట అనేటప్పుడు అనే గొంతుతో, "నీ మీదుండేది ఒకటే పట్టు. మాది. గుర్తుండాదా?" అన్నాడు.

"ఉండాది."

"చెయ్యనీయొద్దు అక్కా నన్ను."

ఆమె చాపిన కాళ్ళు ముడవలేదు. సంజీవరాయుడు అరచెయ్యి ఎత్తి, ఎటో చూస్తూ, "ఓబులమ్మను విడిచినాము" అన్నాడు. ఓబులమ్మ అరచేతిలో గింజ చల్లగా గులకరాయిలా అయిపోయింది. ఇంత తేలికా అనుకుంది. ఎందరిని పట్టుకుని నిలబెట్టిన చెయ్యి, ఒక్క మాటతో.

"ఇప్పుడు నన్ను గూడా ఊడ్చాల గదా మూలమ్మ," అంది కాసేపటికి. "ఊడ్పు నడిస్తే గదా ఊడ్చేది. నడవాలంటే నేను లేయాల. లేస్తే నేనుండను. ఇంక నేను లేసేదానికి నువ్వే ఒక కారణం చెప్పు రాయుడూ."

రంగనాయకమ్మ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. అది నవ్వో దగ్గో తెలియలేదు.

సంజీవరాయుడు గడప అవతలే చతికిలబడ్డాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "మూలమ్మను నిద్రపుచ్చి లేపాల."

తిరుపాలమ్మ తలెత్తింది. ఆ మాట తెలియనివాళ్ళు లేరు, పలికేవాళ్ళూ లేరు. ముత్తాతల నాడు ఒకసారి జరిగింది. నిద్ర లేచిన మూలమ్మకు పాత పట్లూ విడుపులూ ఒక్కటీ గుర్తుండవు. చుట్టరికం చూడదు, లేచిన క్షణాన ఏ చెయ్యి దేని మీద ఆని ఉందో అదే లెక్క. తక్కినదంతా వట్టిదే. ఆనాటి లేపులో ఎంతమంది పోయారో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. చెప్పవలసినవాళ్ళే పోయారు గనక.

"పుల్లన్న గదులు గూడా అట్లయితేనే తెరుచుకుంటాయి," అన్నాడు సంజీవరాయుడు. "నాకు ఎప్పటినుంచో తెలుసు. నా చేత్తో కావద్దు, నా తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడు అనుకున్నా." తలెత్తి ఓబులమ్మను చూశాడు. "మనిషికి రెండే చేతులక్కా. ఎవరెవరు దేన్ని పట్టుకుంటారో, ఎవర్ని మరిచిపోతారో. ఆ పాపం నీకు కావాల్నా? ఇప్పుడన్నా లేస్తావా?"

పైవరస నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు వచ్చి, గాలి చాలక మధ్యలోనే ఆగింది. ఓబులమ్మ అది విన్నది. ఒక చెయ్యి నేలకు ఆనించి, లేవబోయే మనిషిలా ముందుకు వంగింది కూడా. అబద్ధం చెప్పకూడదు, ఆ క్షణాన ఆమె లేవాలనే అనుకుంది.

"పో పెద్దమ్మా," అంది నాగవేణి. పెదవి మీద పాలమీగడ అంటుకుని ఉంది. "నాకేం బయం లేదులే." చెప్తూ చెప్తూ ఆ పిల్ల చెంబు మెడను పట్టుకున్నట్టు తన మోకాలినే తాను గట్టిగా పట్టుకుంది. పట్టుకోడానికి ఇంకేమీ దొరకనట్టు.

ఓబులమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"చూపు ముగిసిందా?" అంది మూలమ్మ.

"లేదు," అంది ఓబులమ్మ. "రాయుడూ, పోయి అందరికీ చెప్పు. చిన్నపిల్లోళ్ళకు గూడా చేతులుంటాయి, ఒకరినొకరు పట్టుకోమను. ఒంటిగుండేవాళ్ళ ఇండ్ల ముందు ఆగి పిలువు. అరిచి పిలువు. తొందరపడొద్దు, నేను నిద్రపోను."

అతను వెళ్ళాడు. కాసేపటికి గాలిగొట్టాల్లోంచి అతని గొంతు పాతరంతా తిరిగింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు ఓబులమ్మ ఎన్నడూ విననిది. ఊరంతా ఒక్కసారిగా పేర్లు పెట్టి పిలుచుకోవడం. తల్లులు పిల్లలను, పిల్లలు మేకలను. ఒక మగగొంతు ఎవరినో పిలుస్తోంది, మళ్ళీ మళ్ళీ అదే పేరు, బదులు లేదు. ఎవరో ఇద్దరు ఒక మంచం కోసం పోట్లాడుకుంటున్నారు. ఎవరో, నన్ను కాదు దాన్ని పట్టుకో, అని ఏడుస్తున్నారు. గడప అవతల తిరుపాలమ్మ రెండు చేతులూ తెల్లగీత వైపు చాపి అలాగే ఉంది. మొగుడు ఒక పక్కన, కొడుకు ఒక పక్కన ఆమెను పట్టుకున్నారు. ఆమె మాత్రం దేన్నీ పట్టుకోలేదు. మద్దిలేటి "అమ్మా, బయటికి రా" అని రెండుసార్లు పిలిచాడు. తర్వాత అతన్ని ఎవరో లాక్కుపోయారు.

అప్పుడు రొద ఆగిపోయింది. మనుషులది కాదు, దాని అడుగున ఉండే రొద. పుట్టినప్పటి నుంచి చెవిలో ఉండి, ఉన్నట్టే తెలియని మూలమ్మ ఊపిరి. అది ఆగేసరికి చెవులు పోయాయేమో అనిపించింది. దీపాలు పోయాయి. గడప మీది తెల్లగీత పోయింది.

ఓబులమ్మ చీకట్లో తడుముకుని నాగవేణి మణికట్టు పట్టుకుంది. సన్నటి మణికట్టు, గాజులు, వాటి కింద గబగబా కొట్టుకుంటున్న నాడి. ఆ పిల్ల మోకాలు వదిలి, రెండు చేతులూ ఆమె మోచేతికి చుట్టేసింది. ఇంకో పక్కనుంచి ఒక బరువైన చెయ్యి, పాలు ఎండి జిగురుగా ఉన్న చెయ్యి, ఓబులమ్మ వీపు మీదికి వచ్చి, రవికె గుడ్డను గుప్పిట పట్టి బిగించింది. ఓబులమ్మకు ఇంకో చెయ్యి ఖాళీగా ఉంది. ఆ బరువైన చేతి మనిషిని పట్టుకున్నవాళ్ళెవరూ లేరని గుర్తొచ్చి, దాన్ని చీకట్లోకి చాచి, నేల మీద, చీర కుచ్చెళ్ళ మీద వెతికి, చివరికి ఒక ముసలి పాదం దొరికితే పట్టుకుంది.

వీధుల్లో పిలుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరు ఎవరికి దొరికారో, ఎవరు దొరకలేదో తెలిసే దారి లేదు.

చాలా లోతున, రాళ్ళ అడుగున, మూలమ్మ మొదటి పంపు కదిలింది. నేల సన్నగా వణికింది.

ముగ్గురి అరచేతుల్లోనూ, అదురు కోసం కాచుకున్న గింజలు ఇంకా చల్లగానే ఉన్నాయి.